లాభం, రెండు, మూడు

లాభం

ఈ రోజు మా కొట్టులో మాట్లాడే పెట్టె పెట్టారు. దాని ముందు కూచోవాలంటే నాకు సిగ్గుగా ఉంది. అందుకే వెనకింట్లోకి వచ్చి ఇది రాసుకుంటున్నాను. నేను చదివింది ఐదో తరగతే అయినా అక్షరాలు మరిచిపోలేదు.

పొద్దున కుళాయి వచ్చాక బిందెలన్నీ నింపాను. కొట్టు ఊడ్చి, బస్తాల మీద పేరుకున్న ఉప్పు తుడిచాను. మెరక మీద ఇది రోజూ ఉండే పనే. ఒకప్పుడు మా ఊళ్లున్న చోట ఇప్పుడు సముద్రం ఉంది. గాలి అక్కడి నుంచే వస్తుంది. ఆ గాలికి కాటాలు తుప్పు పట్టి తప్పు తూకం చూపిస్తుంటే అందరూ మళ్లీ సోలలతో కొలవడం మొదలుపెట్టారు. డబ్బుకి బదులు వాడే రేకు బిళ్లలు కూడా పొడిపొడిగా రాలిపోయాయి. ఇక నుంచి కూలీ ఫోన్లోకే వస్తుందట, సరుకులు ఫోన్‌తోనే కొనాలట.

పెట్టె తెచ్చింది నీటి ఆఫీసు సుధాకర్ గారు. మెరకకంతా నీళ్లిచ్చేదీ, ఈ ఫోన్ల లెక్క చూసేదీ ఆ ఆఫీసే.

"మీ దగ్గర ఏమీ తీసుకోం, కొనేవాళ్ల దగ్గరా తీసుకోం" అన్నారాయన.

"మరి మీకేం మిగులుద్దండీ?" అని అడిగారు మా ఆయన.

"మీకు లాభం వస్తే అందులో పిసరంత. అది కూడా మీ కుళాయిలోంచి తగ్గించుకుంటాం. లాభం లేని రోజు ఏమీ లేదు. కొట్టు నడిపేవాడికి ఇంతకన్నా ఏం కావాలండీ?"

"ఆ లెక్క మేం రాసివ్వాలాండీ?"

"అక్కర్లేదండీ. పెట్టె విని తెలుసుకుంటుంది. అది విన్నదే లెక్క."

అత్తయ్య చేట కింద పెట్టి, "వినేదాన్ని తెచ్చి బేరం మధ్యలో కూచోబెట్టుకుంటావేంట్రా?" అంది. మా ఆయన నవ్వేశారు.

నాకు మాత్రం లోపల సంతోషంగానే ఉంది. మగవాళ్లు సరుకు తీసుకుని నిలబడితే డబ్బులు అడగడానికి నా గొంతు పైకి రాదు. ఇకపై పెట్టే అడుగుతుంది.

రెండు

మొదటి కాగితం మీద లాభం అనీ, ఇవాళ రెండు అనీ రాశాను. మా ఇంట్లో లెక్క అలాగే నడుస్తుంది. ఆయన బియ్యం కొలిచేటప్పుడు మొదటి సోలని ఒకటి అనరు. "లాభం" అంటారు. తరవాత రెండు, మూడు, నాలుగు. ఆరు దాటాక ఏడు అనకుండా "ఆరున్నొకటి" అంటారు. ఏడు అంటే ఏడవమన్నట్టు ఉంటుందట. మా మామగారు అలాగే కొలిచేవారు. ఆయన తండ్రీ అంతే. మొదటి కొలతలో మంచి మాట పడితే కొన్నవాళ్ల ఇంట్లో గింజ నిలుస్తుందని వాళ్ల నమ్మకం. మా ఆయన రాగం తీస్తూ కొలుస్తుంటే వీధి చివరిదాకా వినపడుతుంది.

కొట్టు నిండా జనం. ఫోన్ దగ్గర పెట్టగానే పెట్టె ఆడగొంతుతో "కొండబాబు కిరాణా, అందింది" అంటుంది. పక్కింటి ఆదెమ్మ పిన్ని ఆ మాట వినడానికే చింతపండు ఒకసారి, ఆవాలు ఒకసారి, ఉప్పు ఒకసారి విడివిడిగా కొంది.

"ఏం కోడలు పిల్లా, నీ మొగుడి పేరు నువ్వు ఒక్కసారైనా నోటితో అన్నావా? ఇదెవరో పొద్దుగూకులూ పిలుస్తోంది. జాగ్రత్త మరి" అంది.

అందరూ నవ్వారు. నేను బస్తా వెనక్కి తప్పుకున్నాను.

మూడు

కుళాయి తొందరగా ఆగిపోతోంది. నిన్న చివరి బిందె వెలితిగా ఉండిపోయింది. ఇవాళ దాని ముందుదీ నిండలేదు.

గొట్టం ఎక్కడైనా కారుతోందేమోనని ఆయన గోడ వెంబడి తవ్వి చూశారు. మట్టి పొడిగానే ఉంది. పక్కింట్లో ఎప్పటిలాగే వస్తోంది. అత్తయ్య స్నానం మానేసి తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకుంది. కడిగిన బియ్యం నీళ్లు పారబొయ్యకుండా దాచి గిన్నెలు తోమాను.

మా అందరికీ గుర్తొచ్చింది పడమటి వీధిలో నేతపని వాళ్ల ఇల్లే. వాళ్ల కుళాయి పూర్తిగా ఆగిపోయింది. నీళ్లు రాని ఇల్లు ఖాళీ ఇంటి కింద లెక్క. మెరక మీద చోటు కోసం పడవల్లో ఎంతమంది కాచుకుని ఉన్నారో! వాళ్లలో ఒకరికి ఆ ఇల్లు ఇచ్చేశారు. నేతపని వాళ్లని దిగువకెళ్లే పడవ ఎక్కించారు. వాళ్ల పిల్ల కిటికీ ఊచ పట్టుకుని వదల్లేదు. దిగువకెళ్లిన వాళ్ల ఫోన్లు మోగవు.

నాలుగు

ఇద్దరం ఆఫీసుకి వెళ్లాం. నేను ఆయన వెనకాలే నిలబడ్డాను.

సుధాకర్ గారు లేచి నిలబడి మరీ ఆయన చెయ్యి పట్టుకున్నారు. "రండి, రండి కొండబాబు గారూ. మెరక మొత్తం మీద ఇంత లాభంలో ఉన్న కొట్టు మీదేనండి."

మా ఆయన ముఖం ఒక్క క్షణం వెలిగింది. వెంటనే వాడిపోయింది. "లాభం ఎక్కడండీ? పడవ మీద కొన్న ధరకి ఏదో కాస్త కలిపి అమ్ముకుంటున్నాను. మా కుళాయి ఎండిపోతోందండి."

"అది మీ లాభంలో మా పిసరేనండి. లాభం ఎక్కువైతే పిసరూ ఎక్కువవుతుంది."

"అంత లాభమని మీకు ఎవరు చెప్పారు?"

"మీరే చెప్పారండి. మీ నోటితోనే. పెట్టె లేనిపోనివి కల్పించదు." తరవాత గొంతు తగ్గించి, "ఇలా బాగా నడిచే కొట్లకి ఇంకో సదుపాయం కూడా వస్తోంది. కొద్దిరోజుల్లో పెట్టె మీ గొంతుతోనే మాట్లాడుతుంది" అన్నారు.

తిరిగి వస్తుంటే దారి పొడుగునా ఆయన, "నేనెవరితో అన్నానే? నువ్వేమైనా విన్నావా?" అని అడుగుతూనే ఉన్నారు. నేను లేదన్నాను. నిజంగానే నాకు తెలియలేదు.

ఐదు

ఇవాళ తెలిసింది. తెలియజేసింది ఆదెమ్మ పిన్ని. అదీ వేళాకోళంగా.

ఆమె బియ్యానికి వచ్చి సంచి పట్టుకుంది. ఆయన దిగులుగానే సోల ముంచి, "లాభం..." అని మొదలుపెట్టారు.

"ఏంటబ్బాయా, లాభం లాభం అంటావు, నీ మొహాన మాత్రం లాభం కనపడదే? మేమంటే నీ సంగతి ఎరుగుదుం. ఆ పెట్టె నిజమే అనుకుందంటే నీ కొంప మునుగుద్ది!"

కొట్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేను పెట్టె వైపు చూశాను. దానికి చిన్న పచ్చ దీపం ఉంది, అది ఆరిపోతూ కనపడింది. తరవాత వచ్చినావిడకి ఆయన మళ్లీ "లాభం" అన్నారు. దీపం వెలిగింది. రెండుకి వెలగలేదు. మూడుకి వెలగలేదు. ఆ తరవాత వచ్చినాయనకి మళ్లీ "లాభం". మళ్లీ వెలిగింది.

"ఏవండీ, ఒకసారి ఇలా రండి" అన్నాను. పెట్టె వింటుందని ఇంకేమీ అనలేదు. పెరట్లోకి తీసుకెళ్లి చెప్పాను.

"కొలత మాటే అది. కొలత మాటని లాభం అనుకుందా?"

"అలాగే ఉందండి."

"ఎంతమందికి కొలిచానే నేను!" అన్నారు.

ఆరు

ఆఫీసులో సుధాకర్ గారు అంతా విన్నారు. పాపం నవ్వలేదు. "కొలతలో లాభం వేరు, బేరంలో లాభం వేరు అని పెట్టెకి నేర్పాలంటే పై ఆఫీసుకి రాయాలండి. జవాబు పడవ మీద రావాలి" అన్నారు.

"ఎప్పటికొస్తుందండీ?"

"పడవ వస్తేనండి."

అంతవరకూ ఒకటి అని కొలుద్దామనుకున్నాం. కొట్టుకి వచ్చాక మా ఆయన సోల ముంచి నోరు తెరిచారు. మాట రాలేదు. ఇంకోసారి ముంచారు. "ఒ..." అని ఆగిపోయారు. అత్తయ్య లోపలి నుంచి "ఒంటి కొలత కొలుస్తావురా నా ఇంట్లో?" అని కేక వేసింది. కొనడానికి వచ్చిన కొత్త పెళ్లికూతురు సంచి వెనక్కి లాగేసుకుంది. "ఒకటీ అని పొయ్యకండి బాబూ, మా ఇంట్లో ఒక్కదాన్నే మిగలాలా ఏంటి?" అని వెళ్లిపోయింది.

అప్పుడు నోరు మూసుకుని కొలిచారు. అది ఇంకా చెడ్డదయింది. జనం గింజల వైపు చూడడం మానేసి ఆయన చేతుల వైపు చూశారు.

"పైకి అనకుండా కొలిస్తే ఎన్ని పోశావో మాకెలా తెలుస్తుందయ్యా?" అన్నాడొకాయన.

ఏమనుకున్నానో ఏమో, వెళ్లి ఆయన చేతిలో సోల తీసుకున్నాను. బడిలో అన్నట్టు "ఒకటి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "రెండు. మూడు." తల ఎత్తలేదు. చెవులు వేడెక్కిపోయాయి.

"పోన్లే, చదువుకున్న పిల్ల, దాని లెక్క అది" అంది ఆదెమ్మ పిన్ని. ఆమె అలా అనడంతో మిగతావాళ్లు కూడా సంచులు పట్టారు. అత్తయ్య నాతో మాట్లాడ్డం మానేసింది గాని సోల మాత్రం లాక్కోలేదు.

పొద్దుటికి కుళాయి ఎక్కువసేపు వచ్చింది. వెలితి బిందె నిండింది. నేను దాని మీద మూత పెట్టి, మళ్లీ తీసి చూసుకున్నాను.

ఏడు

ఆరున్నొకటి అని రాయాలి. ఇవాళ రాయబుద్ధి కాలేదు.

పొద్దున నేను సోల ముంచి సంచిలో పొయ్యగానే, నేను నోరు తెరవకముందే, "లాభం..." అని రాగం వచ్చింది. ఆయన గొంతే. మొదటి మాట దగ్గర ఆయన తీసే సాగదీత కూడా అలాగే ఉంది. నేను ఆయన వైపు చూశాను. ఆయన అటుపక్క పప్పు బస్తా కుడుతున్నారు. సూది అలాగే పట్టుకుని పెట్టె వైపు చూస్తున్నారు.

నేను సోల ముంచిన ప్రతిసారీ గింజల చప్పుడుకి అదే లెక్కపెట్టింది. రెండు. మూడు. ఆరు. ఆరున్నొకటి. నేను గట్టిగా ఒకటి అంటే నా గొంతు మీదుగా లాభం అంది. తను అన్న మాటకే తన పచ్చ దీపం వెలిగించుకుంది.

జనానికి మాత్రం ఎంత సంతోషమో! "అమ్మయ్య, మన కొండబాబు లెక్క మళ్లీ వచ్చింది" అన్నారు. పెట్టెకి గోనె కప్పితే గోనెలోంచి అంది. ఆఫీసుకి పరుగెత్తితే సుధాకర్ గారు, "మీరు కొలత పలకడం మానేశారు కదండీ, కొన్నవాళ్లకి ఇబ్బంది లేకుండా అదే పలుకుతోంది. దానికీ మీ దగ్గర ఏమీ తీసుకోవడం లేదు" అన్నారు.

"వద్దండి. తీసేసుకోండి."

"మీ ఇష్టమండి. ఇక్కడ పెట్టెయ్యండి. ఎవరూ బలవంతం చెయ్యడం లేదు."

పెట్టె అక్కడ ఇచ్చేశాం. కొట్టు తెరిచి కూచున్నాం. వచ్చినవాళ్లు ఫోన్ చూపించారు. అందుకోవడానికి మా దగ్గర ఏమీ లేదు. వాళ్ల దగ్గర ఫోన్ తప్ప ఇంకేమీ లేదు. ఆదెమ్మ పిన్ని ఎండుచేపలు తెచ్చిచ్చింది. ఎండుచేపలకి పడవవాడు బియ్యం ఇవ్వడు. పొద్దెక్కేసరికి మా వాడుక బేరాలన్నీ మలుపులో ఉన్న కొట్టుకి వెళ్లిపోయాయి. అక్కడి పెట్టె "అందింది, అందింది" అనడం మా అరుగు మీదికి వినపడుతోంది.

"పెట్టె ఉంటే నీళ్లు పోతాయి. లేకపోతే కొట్టు పోతుంది. కొట్టు పోతే ఆ నీళ్లు తాగి ఏం చేస్తామే?" అన్నారాయన.

సాయంత్రం ఆయనే వెళ్లి పెట్టె తెచ్చారు. చంటిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని తెచ్చారు.

ఎనిమిది

కొట్లో గింజ చప్పుడు వినపడకూడదు. అది నాకు తట్టిన ఉపాయం. పెరట్లో తలుపు వేసుకుని, గుడ్డ మీద మెల్లగా కొలిచి, బియ్యమూ పప్పూ ముందే పొట్లాలు కట్టాం. అత్తయ్య కూడా వచ్చి కూచుంది. ముగ్గురం ఒక్క మాట మాట్లాడుకోలేదు. కొట్లో పొట్లం చేతికిస్తే ఫోన్ పెట్టేవారు. పెట్టె "అందింది" అని ఊరుకునేది. జనం కొంచెం సణిగారు గాని తీసుకున్నారు. ఆయన నా వైపు చూసి నవ్వారు. ఎన్నాళ్లయిందో ఆ నవ్వు చూసి.

ఈ తెల్లవారుజామున కుళాయి వచ్చింది. బిందె పెట్టాను. నీళ్లు అడుగున పడి మోగాయి.

కొట్లోంచి "లాభం..." అని వినపడింది.

రెండో బిందె పెట్టాను. "రెండు" అంది. మూడో బిందెకి ధార సన్నబడింది. కడవ పెట్టాను. "నాలుగు" అంది. ఆయన లేచి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు, తన గొంతు తనే వింటూ. నేను చెంబు పెట్టాను. ఒక చుక్క పడింది. ఇంకో చుక్క పడలేదు.

అత్తయ్య కుళాయి కింద చెయ్యి పెట్టి చాలాసేపు ఉంచింది. తడవని చెయ్యి చీరకి తుడుచుకుంది.

తొమ్మిది

వాళ్లు వస్తారని తెలుసు. ఇంత త్వరగా వస్తారనుకోలేదు. సుధాకర్ గారి వెనకాల మూటలతో ఒక మగమనిషి, అతని భార్య ఉన్నారు. ఆమెకి నా ఈడే ఉంటుంది. కాళ్లకి ఇంకా పడవ బురద ఉంది.

"ఈ ఇల్లు ఖాళీ అని వచ్చిందండి" అన్నారు సుధాకర్ గారు. మా ఎవరి ముఖమూ చూడలేదు.

"ఖాళీ ఏంటండీ? ముగ్గురం మీ ఎదురుగా ఉన్నాం కదా!" అన్నారు ఆయన.

"నాకు కనపడుతున్నారండి. లెక్కలో కనపడట్లేదు. కొట్టు, పెట్టె ఇలాగే ఉంటాయి. నడిపేది ఎవరైనా ఆఫీసుకి ఒకటే. దిగువ పడవ రేవులో ఉంది."

అత్తయ్య గుమ్మంలో కూలబడింది. ఆయన ఏదో అనబోయారు. అప్పుడే కొట్లోంచి పెట్టె, ఆయన గొంతుతోనే, "రండి, రండి, ఏం కావాలండీ?" అంది. వచ్చినతను అటు తిరిగి నమస్కారం పెట్టాడు.

నేను ముందుకి వచ్చాను. సుధాకర్ గారి ఎదురుగా, మగవాళ్ల మధ్యలో నిలబడ్డాను. "మేం వెళ్లం" అన్నాను. అంతకన్నా ఏమీ రాలేదు. మళ్లీ "మేం వెళ్లం" అన్నాను.

ఆ వచ్చినామె నన్ను, అత్తయ్యని, ఎండిన కుళాయిని ఒకదాని తరవాత ఒకటి చూసింది. మూట కింద పెట్టింది.

"ఈళ్లు మావోళ్లే బాబూ. మా అప్ప ఈవిడ" అంది నా చెయ్యి పట్టుకుని.

"పడవలో అడిగితే నీకెవరూ లేరన్నావు?"

"పడవలో నేరు బాబూ. ఈడున్నారు గదా."

సుధాకర్ గారు ఆమెను ఎగాదిగా చూశారు. అది అబద్ధమని ఆయనకి తెలుసు. "చుట్టాలైతే మీ నీళ్లలోనే ఉండాలి. వేరే ఇవ్వరు" అన్నారు.

"అలగే."

ఆమె పేరు పైడమ్మ. సుధాకర్ గారు వెళ్లాక ఆఫీసులో ఆ పేరు మీద కుళాయి విప్పారు. ధార బిందె అంచు దాకా ఎగిరి పడింది. పైడమ్మ నవ్వి, దోసిలి పట్టబోయింది. కొట్లోంచి "లాభం..." అని రాగం వచ్చింది. ధార ఒక్క పిసరు తగ్గింది. ఆమె చూడలేదు. నేను చూశాను.

పైట చింపి ఒక కొస కుళాయికి కట్టాను. రెండో కొస బిందె అడుగుదాకా వదిలాను. నీళ్లు గుడ్డ వెంబడి చప్పుడు లేకుండా జారాయి. పైడమ్మకి ఏమీ అర్థం కాకపోయినా బిందె కదలకుండా పట్టుకుంది. ఆమె భర్త, అత్తయ్య, ఆయన, అందరం చుట్టూ నిలబడ్డాం. ఎవరం ఊపిరి గట్టిగా పీల్చలేదు. రెండో బిందె లెక్కలో పడలేదు. మూడోదీ పడలేదు.

పెట్టె కాసేపు ఊరుకుంది. తరవాత, రోజూ ఆయన నన్ను కేకేసినట్టే, "హైమా! ఎవరే అక్కడ?" అని పిలిచింది.

పిలిస్తే పలకడం నాకు అలవాటు. మాట నాలిక చివరిదాకా వచ్చింది. పలికితే నీళ్లు పడుతున్నామని దానికి తెలిసిపోతుంది. ఆయన నా పక్కనే బిందె పట్టుకుని, పెదవులు బిగించి, తల అడ్డంగా ఊపుతున్నారు.

"హైమా!" అంది మళ్లీ, ఈసారి ప్రేమగా.